కరేమా: రాతి కడీల మీద ద్రాక్ష పందిరి

ఇటలీలోని టూరిన్ నుంచి, ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న మోం బ్లాం సొరంగం వైపు వెళ్లే ఏ5 మోటార్‌వే మీద రోజూ వేల కార్లు పోతుంటాయి. ఇవ్రేయా పట్టణం దాటాక రెండు వైపుల నుంచీ కొండలు దగ్గరకు జరుగుతాయి. మధ్యలో డోరా బాల్తేయా నది, దాని పక్కనే రోడ్డు, రైలు పట్టాలు ఇరుక్కుని సాగుతుంటాయి. అక్కడ నది అవతల, కుడిచేతి వైపు కొండ మీద ఏదో వింత కట్టడం కనిపిస్తుంది. కారు వేగంలో చూస్తే పైకప్పు కూలిపోయి స్తంభాలు మాత్రం మిగిలిన పాత మండపాలేమో అనిపిస్తుంది. బొద్దుగా ఉండే ఆ రాతి స్తంభాలు వరస మీద వరసగా కొండ పైదాకా పోతాయి. వాటి మీద ఉన్నది కప్పు కాదు, ద్రాక్ష తీగ.

ఆ ఊరి పేరు కరేమా. జనాభా ఏడు వందల పైచిలుకు. ఇటలీ వాయవ్యంలోని పియమోంతే ప్రాంతానికి ఆ వైపు ఇదే చివరి ఊరు, దాటితే ఆవోస్తా లోయ మొదలవుతుంది. టస్కనీ ఫొటోల్లో కనిపించే సైప్రస్ చెట్ల బాట, కొండ మీద బంగళా, ఈత కొలను పక్కన వైన్ గ్లాసు లాంటి హంగులేవీ ఇక్కడ లేవు. ఇరుకు సందులు, పెంకుల బదులు రాతి పలకలు పరిచిన ఇళ్ల కప్పులు, ఊరి మీదికి వంగినట్టుండే కొండ, అంతే. అయినా ద్రాక్ష, వైన్ సంగతి తెలిసినవాళ్లు పనిగట్టుకుని ఇక్కడికి వస్తారు. వాళ్లు చూసి వెళ్లేది వైన్ ఒక్కటే అయితే అంత దూరం రానక్కర్లేదు, సీసా టూరిన్‌లోనే దొరుకుతుంది. ఈ పందిళ్లు ఇంకా ఎందుకు నిలబడి ఉన్నాయన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

ముందు కొలతల సంగతి. ఇదే పియమోంతేలో, కరేమాలో పండే నెబ్బియోలో అనే రకం ద్రాక్షతోనే తయారయ్యే బరోలో అనే వైన్‌కు రెండు వేల హెక్టార్లకు పైగా తోటలున్నాయి. కరేమా పేరు పెట్టుకునే హక్కున్న తోటలన్నీ కలిపితే ఇరవై హెక్టార్లకు అటూ ఇటూ. అంటే యాభై ఎకరాలు. మన దగ్గర ఒకప్పుడు ఒక మోతుబరి కుటుంబం చేతిలో ఉన్నంత భూమి. 1967లో ఇటలీ ప్రభుత్వం ఈ వైన్‌కు డీఓసీ గుర్తింపు ఇచ్చింది. ఫలానా చోట, ఫలానా ద్రాక్షతో, ఫలానా పద్ధతిలో చేస్తేనే ఆ పేరు వాడుకోవాలనే నియమం అది. మన బనగానపల్లె మామిడికి, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే. కరేమా డీఓసీ హద్దు ఈ ఒక్క ఊరి పొలిమేరే. పక్క ఊళ్లో అదే ద్రాక్ష పండించినా ఆ పేరు రాదు.

ఇక పందిరి. మన ప్రాంతం వాళ్లకు ద్రాక్ష పందిరి కొత్త కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు పచ్చగా ఉన్న రోజుల్లో రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి, తలకు అందే ఎత్తులో పందిరి వేసేవారు. కింద నిలబడి చెయ్యెత్తితే గుత్తి అందేది. కరేమాలోనూ సూత్రం అదే. కానీ మనది చదును నేల. కడీ పాతాలంటే గొయ్యి తవ్వితే సరిపోయేది. ఇక్కడ కొండ నిలువుగా ఉంది, తవ్వడానికి మట్టే లేదు. హిమానీ నదాలు వేల ఏళ్ల కిందట ఈడ్చుకొచ్చి వదిలేసిన బండలు, ఇసుక మాత్రం ఉన్నాయి. కాబట్టి ముందు గోడ కట్టాలి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. దాని వెనక ఖాళీని రాళ్లతో నింపి, పైన మట్టి పోయాలి. ఆ మట్టిని లోయలోంచి బుట్టల్లో వీపు మీద మోసుకొచ్చారు. అలా ఒక మెట్టు తయారవుతుంది. కొన్ని మెట్లు పెద్ద గది వెడల్పు కూడా ఉండవు. వాటిలో ద్రాక్ష మొక్క నాటుకోవడానికి దొరికేది గోడ పక్కన చిన్న పాదు. వేరుకు అంత జాగా చాలు, తీగకు మాత్రం ఎండ కావాలి. అందుకని దాన్ని పందిరి మీదికి ఎక్కించి, మట్టి లేని బండల మీదుగా కూడా పరిచారు. నేల తక్కువగా ఉన్నచోట ఆకాశాన్ని వాడుకున్నారన్నమాట.

ఆ పందిరిని అక్కడివాళ్లు తోపియా అంటారు. దాన్ని మోసే స్తంభాన్ని పిలూన్ అంటారు. దగ్గరికెళ్లి చూస్తే పిలూన్ సన్నటి కడీ కాదు, అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడే రాతి దిమ్మె. ఒక మనిషి రెండు చేతులూ చాపి కౌగిలించుకునేంత ఉంటుంది. కొన్నిటికి సున్నం పూత ఉంది. కొన్నిటికి పూత ఊడిపోయి రాయి బయటపడింది, సందుల్లో బల్లులు కాపురం పెట్టాయి. నెత్తిన చదునైన రాతి పలక, దాని మీద చెస్ట్‌నట్ దూలాలు. అడ్డ కర్రలు, వాటికి కట్టిన తీగలు. ఆగస్టులో పందిరి కింద నిలబడితే పైనుంచి ఎండ ముక్కలు ముక్కలుగా రాలుతుంది, గుత్తులు ముఖం మీదికే వేలాడతాయి. పైనున్న తోటమెట్టుకు ఎక్కాలంటే కొన్నిచోట్ల నిచ్చెన కాదు కదా, సరైన మెట్లు కూడా ఉండవు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన నాలుగైదు రాళ్ల మీద కాలు పెట్టి ఎక్కాలి. భుజం మీద ద్రాక్ష డబ్బాతో దిగేవాడికి ఆ రాళ్లే గతి.

పిలూన్ పగలంతా ఎండకు కాగి, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుందని, అందుకే ఇంత చలి కొండల్లో నెబ్బియోలో పండుతోందని ఊరికి వచ్చినవాళ్లందరికీ చెబుతారు. మాట నిజమే. నెబ్బియోలో ఆలస్యంగా పండే రకం, అక్టోబర్ దాకా చెట్టు మీద ఉండాలి. ఆ నెలలో ఆల్ప్స్ రాత్రుళ్లు వణికిస్తాయి. గోడలు, స్తంభాలు దాచిన ఆ కాస్త వెచ్చదనం కలిసొస్తుంది. కానీ పిలూన్ల పుట్టుక వెనక ఇంత భౌతికశాస్త్రం ఉందంటే కొంచెం అనుమానించాల్సిందే. చెలక బాగుచేసిన ఎవరికైనా తెలిసిన సంగతే, ఏరిన రాళ్లను ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఇక్కడ రాయికి కొదవ లేదు, గట్టి పందిరి లేకపోతే లోయలోంచి వీచే గాలికి తీగ నిలవదు. ఆ రెండు ఇబ్బందులకూ ఒకటే పరిష్కారం దొరికింది. వెచ్చదనం దానికి కొసరు.

నెబ్బియోలో అంటే పియమోంతేకు కిరీటం లాంటి ద్రాక్ష. కరేమాలో పెరిగే దాని స్థానిక రకాలకు పికోతెండ్రో, పున్యెత్ అని పేర్లు. గుత్తి బిగించిన పిడికిలిలా ఉంటుంది కాబట్టి రెండోదానికి ఆ పేరు. నిబంధన ప్రకారం వైన్‌లో కనీసం 85 శాతం నెబ్బియోలో ఉండాలి. అమ్మకానికి ముందు రెండేళ్లు ఆగాలి, అందులో ఒక ఏడాది చెక్క పీపాల్లో. రిజర్వా అని రాసుకోవాలంటే మూడేళ్లు. బరోలోకు ఇంతకంటే ఎక్కువ కాలం పడుతుంది, మద్యం శాతం కూడా ఎక్కువే ఉండాలి. కొండ గాలి వల్ల కరేమా పలచటి ఎరుపు రంగులో, కాస్త పుల్లగా, ఎండిన గులాబీ రేకుల వాసనతో ఉంటుంది. గ్లాసు అవతలి వేళ్లు కనిపిస్తాయి. రంగు చిక్కగా, గట్టిగా ఉంటేనే మంచి వైన్ అనుకునే రోజుల్లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు రుచులు మారాయి, తేలికైన వైన్‌కు గిరాకీ వచ్చింది. కరేమా మాత్రం మారలేదు, మారడానికి దానికి వీలూ లేదు.

అసలు కథ వైన్‌లో కంటే ఇవ్రేయా ఫ్యాక్టరీలో ఉంది. కరేమాకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల దిగువన ఉన్న ఇవ్రేయాలో 1908లో కమిల్లో ఓలివెట్టి టైప్‌రైటర్ల కంపెనీ పెట్టాడు. కొడుకు అద్రియానో చేతిలోకి వచ్చాక అది ప్రపంచానికి తెలిసిన సంస్థ అయింది. 1950లో వచ్చిన లెటెరా 22 టైప్‌రైటర్‌ను ఇప్పటికీ మ్యూజియంలలో పెట్టి చూపిస్తారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్యాక్టరీకి వేల మంది కావాల్సి వచ్చింది. చుట్టుపక్కల, కనవేజె అని పిలిచే ఈ ప్రాంతపు పల్లెల్లో కొండ మీద రాళ్లు మోసే కుర్రాళ్లకు నెల జీతం, వైద్యం, పిల్లలకు శిశువిహారం, గ్రంథాలయం ఉన్న ఉద్యోగం దొరికింది. ఎవరు మాత్రం వద్దంటారు? ద్రాక్షతోటలో ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకుంటే ఒక్క వడగళ్ల వానకు అంతా పోవచ్చు. ఫ్యాక్టరీలో వడగళ్లు పడవు.

కొండ మీద పని ఎంతో చెబితే ఈ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. మైదానంలో యంత్రాలు తిరిగే ద్రాక్షతోటతో పోలిస్తే ఆల్ప్స్ మెట్ల తోటల్లో ఒక హెక్టారుకు మనిషి పని చాలా రెట్లు ఎక్కువ, ఏడాదికి వెయ్యి గంటలు దాటుతుంది. ట్రాక్టరు రాదు. కత్తిరింపు చేత్తోనే, కట్టడం చేత్తోనే, మందు కొట్టడం వీపు మీది డబ్బాతోనే, కోత మెడ పైకెత్తి. ఇవన్నీ అయ్యాక చలికాలం వానలకు ఒక గోడ కడుపు ఉబ్బి కూలుతుంది. దాన్ని మళ్లీ పేర్చాలి. ఆ పనికి ఎవరూ డబ్బివ్వరు, ద్రాక్ష ధరలో అది కలవదు.

దీన్నిబట్టి ఫ్యాక్టరీ వచ్చింది, తోటలు పోయాయి అని తేల్చేస్తే సగమే నిజం. అద్రియానో ఓలివెట్టి పల్లెలు ఖాళీ కాకూడదని పట్టుబట్టిన మనిషి. కార్మికులందర్నీ ఇవ్రేయాకు తెచ్చి కుక్కకుండా ఊళ్ల నుంచి బస్సులు నడిపించాడు. 1950ల మధ్యలో కనవేజె గ్రామాల్లో చిన్న పరిశ్రమలు, వ్యవసాయ సహకార సంఘాలు పెట్టించడానికి ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేశాడు. ఆ దశాబ్దం రెండో సగంలో వారానికి 48 గంటలున్న పనిని జీతం కోయకుండా 45కు తగ్గించారు, శనివారం సెలవు వచ్చింది. కరేమా లాంటి ఊరికి ఆ శనివారం విలువ ఎంతో ఊహించుకోవచ్చు. శుక్రవారం దాకా టైప్‌రైటర్ విడిభాగాలు బిగించిన చేతులు శని, ఆదివారాలు తాతల నాటి పందిరి కింద కత్తెర పట్టుకున్నాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడంటారు. కరేమాను ముంచకుండా ఆపింది ఆ రెండో పడవే. ఇంటి ఖర్చు జీతంతో గడిచిపోయేది కాబట్టి తోట లాభం తేవాల్సిన అవసరం లేకపోయింది. లాభం ఉన్నా లేకపోయినా నాన్న వదిలి వెళ్లిన గోడ కాబట్టి నిలబెట్టారు.

అలాంటి పార్ట్‌టైమ్ రైతు తన ద్రాక్షను సొంతంగా వైన్ చేసి, సీసాలో పోసి, లేబుల్ అంటించి అమ్మలేడు. అంత టైమూ లేదు, పీపాలు పెట్టే చోటూ లేదు. 1960లో ఊరివాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. అందరి ద్రాక్షా ఒకచోట చేర్చి వైన్ చేసే కరేమా నెబ్బియోలో ఉత్పత్తిదారుల సంఘం అది. అదే ఏడాది ఫిబ్రవరిలో అద్రియానో ఓలివెట్టి రైలు ప్రయాణంలో కన్నుమూశాడు. సంఘం లేకపోతే రెండు గుంటలు, మూడు గుంటల తోటలున్నవాళ్లు ఎప్పుడో చేతులెత్తేసేవారు. సహకార సంఘం అనగానే నాసిరకం సరుకు గుర్తొచ్చే దేశం ఇటలీ కూడా. ఈ సంఘం వైన్ ఆ అభిప్రాయానికి మినహాయింపని అక్కడి రుచి ఎరిగినవాళ్లే ఒప్పుకుంటారు.

ఆ తర్వాత టైప్‌రైటర్ల కాలం ముగిసింది, కంప్యూటర్ల పోటీలో ఓలివెట్టి నిలవలేకపోయింది. 1990ల చివరికి ఇవ్రేయా ఫ్యాక్టరీ హాళ్లు చాలావరకు ఖాళీ. పెన్షన్ తీసుకున్నవాళ్లు కొన్నేళ్లు పూర్తికాలం తోటల్లో కనిపించారు, తర్వాత వాళ్లకూ మోకాళ్ల నొప్పులు వచ్చాయి. వాళ్ల పిల్లలు టూరిన్‌లోనో, మిలాన్‌లోనో. తోటలు తగ్గిపోవడం ఈ దశలోనూ ఆగలేదు.

2018లో ఒక చిత్రం జరిగింది. యునెస్కో ఆ వేసవిలో ఇవ్రేయాను ఇరవయ్యో శతాబ్దపు పారిశ్రామిక నగరంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది చివర్లో సున్నం లేకుండా రాతిగోడ పేర్చే విద్యను కూడా మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఇటలీతో కలిపి యూరప్‌లోని ఎనిమిది దేశాలు కోరితే వచ్చిన గుర్తింపు అది. గోడలు కట్టే చేతుల్ని లాక్కుపోయిన ఫ్యాక్టరీకీ, ఆ గోడల విద్యకూ ఒకే ఏడాది పట్టాభిషేకం. అప్పటికి ఫ్యాక్టరీ మూతపడింది, గోడలు కట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు.

ఇటలీలో ఇలాంటి సాగుకు ఒక ముద్దుపేరు పెట్టారు, వీరోచిత ద్రాక్ష సాగు అని. ఆవోస్తా లోయ కేంద్రంగా 1987 నుంచి పనిచేస్తున్న చెర్విమ్ అనే సంస్థ దానికి కొలతలు చెబుతుంది. వాలు 30 శాతం దాటాలి, లేదా సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉండాలి, లేదా మెట్ల తోటలై ఉండాలి, లేదా చిన్న దీవుల్లో ఉండాలి. 2016లో వచ్చిన ఇటలీ ద్రాక్ష, వైన్ చట్టం ఈ తోటలను కాపాడాలని రాసుకుంది. మంచిదే. కానీ వీరోచితం అనే మాట దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. వీరుడని పిలిస్తే కూలి అడగడు. సీసా మీద ఆ మాట అచ్చేసి అమ్మేవాడికి బాగానే ఉంటుంది. పందిరి కింద మెడ నొప్పితో ఉన్నవాడికి కిలో ద్రాక్షకు ఎంత వచ్చిందన్నదే లెక్క.

చూడటానికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. టూరిన్ నుంచి కారులో గంట ప్రయాణం. రైలుకైతే దగ్గర స్టేషన్ పక్క ఊరు పోన్ సెన్ మార్తాన్. కాకపోతే ఇవ్రేయా నుంచి ఆవోస్తా దాకా లైనును విద్యుదీకరణ కోసం 2024 జనవరిలో ఆపేశారు, కాబట్టి రైలు నడుస్తోందా బస్సేనా అన్నది టికెట్ కొనే ముందే చూసుకోవాలి. నడిచి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ నుంచి రోమ్‌కు పోయే పాత యాత్రా మార్గం, వియా ఫ్రాంచిజెనా, ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. వెయ్యేళ్ల కిందట, 990 ప్రాంతంలో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ రోమ్ నుంచి తిరిగి వస్తూ మజిలీల జాబితా రాసుకున్నాడు. దాన్ని పట్టుకునే ఇప్పటి దారిని గుర్తించారు. మన దగ్గర కాలినడకన శ్రీశైలం వెళ్లేవాళ్ల లాగే, వీపున సంచీలతో ద్రాక్షతోటల మధ్య నుంచి పోతుంటారు.

పూర్తిగా ఒక రోజు పెట్టుకుంటే చుట్టుపక్కల చూడాల్సినవి చాలానే ఉన్నాయి. పోన్ సెన్ మార్తాన్‌లో ఒకే కమానుతో నది దాటే రోమన్ వంతెన ఉంది, క్రీస్తు పూర్వం నాటిది. ఇంకాస్త పైకి డోనాస్‌లో కొండరాయిని నిలువుగా చెక్కి వేసిన రోమన్ రోడ్డు రెండు వందల మీటర్లకు పైగా అలాగే ఉంది. బండిచక్రాల గాడి రాతిలో కనిపిస్తుంది. ఆ పైన బార్డ్ కోట. 1800 మేలో నెపోలియన్ సైన్యాన్ని నాలుగు వందల మంది ఆస్ట్రియన్ సైనికులు అప్పట్లో అక్కడున్న పాత కోటలోంచి రెండు వారాల పాటు ఇబ్బంది పెట్టారు.

కరేమాలో వైన్ నేలమాళిగలు చూడాలంటే ముందు ఫోన్ చేసి అడగాలి. గేటు దగ్గర టికెట్లమ్మే పర్యాటక కేంద్రాలు కావవి, అక్కడివాడు ఆ సమయానికి కొండ మీద ఉండొచ్చు. సెప్టెంబర్‌లో ద్రాక్ష పండగ, అక్టోబర్‌లో కోత. సందడి కావాలంటే మొదటిది, పని చూడాలంటే రెండోది. మద్యం ముట్టనివాళ్లకు పనికిరాని ఊరు కాదు. తోటల మధ్య నడకదారి ఉంది, దానికి గ్లాసుతో పని లేదు.

తిండి దగ్గర మాత్రం మన నాలుకకు ఒక చుట్టరికం దొరుకుతుంది. కనవేజె పల్లెల్లో మియాస్సె అని మొక్కజొన్న పిండితో చేస్తారు. పొడుగు పిడులున్న రెండు ఇనప పలకలను నిప్పు మీద బాగా కాల్చి, పలచటి పిండి పోసి, రెంటినీ మూసి తిప్పుతారు. కాగితంలా పలచగా, కరకరలాడుతూ వస్తుంది. దాని మీద సలిన్యూన్ రాసుకుని తింటారు. రికోత్తా అనే మెత్తటి పాల ముద్దలో ఉప్పు, ఎండుమిరప పొడి, సుగంధ గింజలు కలిపి పిసికితే అదే సలిన్యూన్. కారం నషాళానికి అంటదు, కానీ చప్పటి తిండ్లతో విసిగిన ప్రయాణికుడికి ప్రాణం లేచొస్తుంది.

గత కొన్నేళ్లుగా ఊళ్లోకి కొత్త మనుషులు వస్తున్నారు. ముప్పై, నలభై ఏళ్ల వాళ్లు. కొందరు ఊరి మనవలు, కొందరు ఏ సంబంధమూ లేనివాళ్లు. వదిలేసిన మెట్లను కౌలుకు తీసుకుని, ముళ్ల పొదలు కొట్టి, పడిపోయిన దూలాలు మార్చి, సొంత పేరుతో వైన్ చేస్తున్నారు. వాళ్లకు రాయి కంటే పెద్ద అడ్డంకి కాగితం. ఒక మెట్టు తాత పేరున ఉంటుంది, ఆయనకు అయిదుగురు సంతానం, వాళ్లకు పదిహేను మంది. అందులో కొందరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఎవరి సంతకం అడగాలి? పాసుపుస్తకం చుట్టూ తిరిగిన తెలుగు రైతుకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. 2016లో పియమోంతే ప్రాంతీయ ప్రభుత్వం భూసంఘాల చట్టం తెచ్చింది. ముక్కలైపోయిన భూముల్ని యాజమాన్యం మారకుండా ఒక సంఘం కింద కలిపి సాగు చేసుకోవచ్చని దాని సారం.

ఊరి పై అంచున, నడకదారి అడవిలో కలిసేచోట, సాగు ఆగిపోయిన మెట్లు ఇంకా కనిపిస్తాయి. చెస్ట్‌నట్ చెట్లు పందిరిని దాటి పెరిగాయి. దూలాలు కుళ్లి ఎప్పుడో కిందపడ్డాయి. పిలూన్లు మాత్రం చెట్ల మధ్య నాచు కప్పుకుని వరసగా నిలబడి ఉన్నాయి, నెత్తిన రాతి పలకలతో సహా.